శనివారం మీటింగ్‌కు ముందు ఒక మాట

అందరికీ నమస్కారం. న్యూజిలాండ్‌లోని సౌత్ ఆక్లాండ్‌లో గొంతునొప్పి ప్రచారానికి వాలంటీర్లుగా వస్తున్న మనవాళ్లకు ఈ మెసేజ్.

పోస్టర్ మనమే తయారుచేసి, సమోవా, టోంగా (పసిఫిక్ దీవుల) కుర్రాళ్ల చేతికిచ్చి పంచమనడం వద్దు. అది కలుపుకోవడం కాదు, పని చేయించుకోవడం. ఏం చెప్పాలో, ఎక్కడ చెప్పాలో మొదటి మీటింగ్‌లోనే వాళ్లను అడుగుదాం.

స్ట్రెప్ అనే బ్యాక్టీరియాతో వచ్చే గొంతునొప్పిని వదిలేస్తే రుమాటిక్ ఫీవర్ వచ్చి గుండె కవాటాలు దెబ్బతినొచ్చు. న్యూజిలాండ్‌లో ఇది ఎక్కువగా మావోరీ (ఇక్కడి మూలవాసులు), పసిఫిక్ పిల్లలకే వస్తోంది. ఇరుకిళ్లు కూడా ఒక కారణం కాబట్టి "మీ అలవాట్లు మార్చుకోండి" అనే ధోరణి అసలొద్దు. జబ్బు వచ్చినవాళ్లు ఏళ్ల తరబడి 28 రోజులకోసారి పెన్సిలిన్ సూది వేయించుకోవాలి. ఆ నొప్పి గురించి తోటి కుర్రాడు చెబితే వింటారు, మనం చెబితే తలూపుతారంతే.

చర్చి పెద్దలతో ముందే మాట్లాడాలి. వాళ్లను దాటేస్తే పిల్లలకే ఇంట్లో మాట పడుతుంది. మార్చిలో మాత్రం ఏమీ పెట్టొద్దు. 1976లో ఇక్కడి ఓటారాలో మొదలైన పాలీఫెస్ట్ (హైస్కూళ్ల మావోరీ, పసిఫిక్ డ్యాన్స్ పండుగ) సాధారణంగా అప్పుడే, హైస్కూలు పిల్లలంతా డ్యాన్స్ రిహార్సల్స్‌లో ఉంటారు. మన మాట కుర్చీలే వినాలి!

వచ్చే పిల్లలకు బస్సు ఛార్జీలు, భోజనం మనవే. ఆదివారం చర్చి ఉంటుంది కాబట్టి శనివారమే కలుద్దాం. రాగలిగినవాళ్లు కింద పేరు రాయండి.