బాపూ, అప్పుడే ఫ్రిజ్‌లో గ్యాస్ నింపించకు

ఎడ్మంటన్,
ఫిబ్రవరి 15

బాపూ,

ఇక్కడ అందరం బాగున్నాం. చిన్నదానికి జలుబు తగ్గింది, మళ్లీ బడికి పోతోంది. నీ మోకాలు ఎట్లుంది? ఈ సంగతి ఫోన్‌లోనే చెబుదామనుకున్నా. నిన్న నేను ఫ్రిజ్ మాట ఎత్తగానే అమ్మ ఫోన్ లాక్కుని మెకానిక్ ఏమన్నాడో, కొత్తది ఎంతవుతుందో, పెద్దమ్మ వాళ్లు ఏ రంగుది కొన్నారో అంతా చెప్పింది. నా మాట నా నోట్లోనే ఉండిపోయింది. అందుకే రాస్తున్నా. చదివి, మడిచి, ఫ్రిజ్ మీద పెట్టుకో.

అమ్మ చెప్పినదాన్ని బట్టి పైన ఐస్ గట్టిగానే కడుతోంది. కింద మాత్రం రాత్రి తోడు పెట్టిన పెరుగు మర్నాటికే పులుస్తోంది, కూరగాయల డబ్బా కింద నీళ్లు నిలుస్తున్నాయి. మెకానిక్ వచ్చి, తలుపు తీసి, లోపల చెయ్యి పెట్టి చూసి "గ్యాస్ అయిపోయింది, మూడున్నర వేలు" అన్నాడట. గ్యాస్ పోతే పైన ఐస్ ఎట్లా కడుతుంది బాపూ? పైన కూడా మెత్తబడాలి కదా.

నాకింత ధైర్యం ఎక్కడిదంటే, సరిగ్గా ఇదే రోగం మా ఫ్రిజ్‌కూ వచ్చింది. సంక్రాంతికి రెండు వారాల ముందు. మొదట రెండు మూడు రోజులు లోపల్నుంచి టకటకమని చప్పుడు, సైకిల్ చక్రానికి అట్టముక్క తగిలినట్టు. తర్వాత ఆ చప్పుడూ లేదు. పైన ఐస్‌క్రీమ్ రాయిలా ఉంది, కింద థర్మామీటర్ పెడితే 12 డిగ్రీలు. ఉండాల్సింది 4 లోపు. ఇక్కడ మెకానిక్ గడప తొక్కితేనే వంద డాలర్ల పైమాట, మరమ్మతు, సామాను వేరే. సరే, నేనే చూద్దామనుకున్నా.

మామూలు డబుల్ డోర్ ఫ్రిజ్‌లో కింది అరకు సొంతంగా చల్లదనం ఉండదు. కూలింగ్ కాయిల్ ఒక్కటే, అది ఫ్రీజర్ వెనక గోడ లోపల. దాని పక్కన చిన్న ఫ్యాన్. ఆ ఫ్యాన్ కొట్టిన చలిగాలే గొట్టం గుండా కిందికి దిగుతుంది. మధ్యలో డ్యాంపర్ అని చిన్న తలుపు ఉంటుంది, ఎంత గాలి కావాలో అంత వదలడానికి. అమ్మకు ఇట్లా చెప్పు: ఫ్రీజర్ చెరువు, గొట్టం కాలువ, డ్యాంపర్ తూము. చెరువు నిండుగా ఉన్నా తూము దగ్గర అడ్డం పడితే పొలం ఎండాల్సిందే.

నీకైతే ఇంత చెప్పక్కర్లేదు. వరంగల్ ఎనుమాముల కోల్డ్ స్టోరేజీలో 23 ఏళ్లు ప్లాంట్ చూసినవాడివి. మిర్చి సీజన్‌లో నీకు అన్నం తెచ్చినప్పుడు నువ్వు హమాలీల మీద అరవడం ఇంకా నా చెవుల్లో ఉంది: "బస్తా గోడకు ఆనియ్యకుండ్రి, గాలి తిరగాలె!" ఇక్కడ నేను చేసింది అచ్చం అదే తప్పు. అమ్మ పంపిన కారం, మామిడికాయ తొక్కు, పప్పుల పొడి అన్నీ వెనక గోడకు ఆనించి పేర్చి, గాలి వచ్చే కన్నాలను మూసి పెట్టాను. అసలు జబ్బు అది కాదు, కానీ ముందు కనపడింది అదే.

ప్లగ్ పీకి, ఫ్రీజర్ ఖాళీ చేసి, వెనక ప్లాస్టిక్ పలక మరలు విప్పితే కాయిల్ కనిపించలేదు. మొత్తం తెల్లగా, ఏకిన దూది కుక్కినట్టు మంచు. ఫ్యాన్ రెక్క సగం అందులో ఇరుక్కుంది. టకటక ఎందుకు వచ్చిందో, తర్వాత ఎందుకు ఆగిందో అప్పుడర్థమైంది. ఫ్రిజ్‌లో సామాన్లన్నీ బాల్కనీలో పెట్టాను. బయట మైనస్ 22. ఊరంతా ఫ్రీజర్‌లా ఉంది, ఇంట్లో ఫ్రిజ్ ఒక్కటే పనిచేయడం లేదు. కొన్ని గంటల్లో పాల డబ్బా గడ్డకట్టి ఉబ్బింది.

హెయిర్ డ్రయ్యర్ దూరంగా పట్టి, బట్టలు ఒత్తుతూ కరిగించేసరికి మూడు గంటలు. కాయిల్ కింద నీళ్లు దిగే కన్నం కూడా ఐస్‌తో బిగుసుకుంది. సిరంజితో గోరువెచ్చని నీళ్లు కొట్టాను. నాలుగోసారికి గుడగుడమని దిగాయి. మీ డబ్బా కింద నిలిచే నీళ్లూ అవే అయి ఉంటాయి: కన్నం మూసుకుంటే కరిగిన నీళ్లు వెనక ట్రేలోకి పోక లోపలికే కారతాయి. పలక బిగించి ప్లగ్ పెడితే ఫ్యాన్ గిర్రున తిరిగింది. నీ కోడలి ముందు నేను చేసిన హడావుడి చూడాల్సింది.

తొమ్మిదో రోజు మళ్లీ టకటక.

మంచు కరిగించడం వైద్యం కాదని అప్పుడు తెలిసింది. ఈ ఫ్రిజ్‌లు రోజులో ఒకటి రెండుసార్లు తమంతట తాము కాయిల్ కింది హీటర్ వేసుకుని మంచు దులుపుకోవాలి. అది జరగడం లేదన్నమాట. కరెంటుకు దారి ఉంటే మోగే మల్టీమీటర్ కొన్నా. హీటర్ బాగానే ఉంది. దాని దారిలో బైమెటల్ అని రూపాయి బిళ్లంత బిళ్ల ఉంటుంది. చల్లగా ఉంటే కరెంటు వదులుతుంది, వేడెక్కితే ఆపుతుంది. దాన్ని వంటింట్లో పెట్టి చూస్తే మీటర్ మోగలేదు. పోయిందనుకుని పారేయబోయి ఆగాను. గది వెచ్చదనంలో అది మోగకూడదు, అదే దాని పని! బిళ్లను బాల్కనీ తలుపు సందులోంచి మంచులో పెట్టి, వైర్లు లోపలికి లాక్కుని, పావుగంట కూర్చున్నా. అప్పుడూ మోగలేదు. ఇక అనుమానం లేదు, అదే పోయింది.

కొత్త బిళ్ల, దాంతో పాటు ఫ్యాన్ మోటార్ కూడా తెప్పించాను. ఐస్‌కు తగిలి తగిలి పాత మోటార్ మూలగడం మొదలుపెట్టింది. రెండింటికీ కలిపి 68 డాలర్లు. మోటార్ మార్చాక ఒక తమాషా జరిగింది. ఫ్యాన్ తిరుగుతోంది, గాలి మాత్రం నీరసంగా ఉంది. తలుపు తీస్తే ఫ్యాన్ ఆగిపోతుంది కదా, అందుకని డోర్ స్విచ్ వేలితో నొక్కి పట్టుకుని, గాలి కన్నం ముందు టిష్యూ కాగితం పీలిక పట్టాను. కదిలీ కదలనట్టు ఉంది. మళ్లీ విప్పి చూస్తే రెక్క ఉల్టా పెట్టాను. తిప్పి పెట్టాక పీలిక రెపరెపలాడింది. మర్నాటి ఉదయానికి కింద 3 డిగ్రీలు. మూడు వారాలైంది, చప్పుడు లేదు.

ఇక మీ ఫ్రిజ్ సంగతి. కంప్రెసర్ నడుస్తున్నప్పుడు పై తలుపు తీసి, స్విచ్ నొక్కి, చెవి పెట్టు. ఫ్యాన్ చప్పుడు లేకపోతే, లేదా దేనికో తగులుతున్నట్టు ఉంటే గ్యాస్ మాట పక్కన పెట్టు. ప్లగ్ పీకి, రెండు తలుపులూ తెరిచి, కింద పాత బట్టలు పరిచి ఒక రోజంతా వదిలేయండి. మన దగ్గర హెయిర్ డ్రయ్యర్ అక్కర్లేదు. తర్వాత ప్లగ్ పెడితే ఒక రోజులో కింద చల్లబడాలి. చల్లబడి, వారం పది రోజులకు మళ్లీ మొదటికొస్తే మెకానిక్‌ను పిలిచి "బైమెటల్, హీటర్, ఫ్యూజ్ చూడు" అని నువ్వే చెప్పు. మన దగ్గర 230 వోల్టులు, వైర్ల జోలికి నువ్వు పోవద్దు. అమ్మ తొక్కు జాడీలను కూడా వెనక గోడకు నాలుగు వేళ్ల దూరం జరపండి.

కత్తితో, చెంచాతో ఐస్ గీకొద్దు. ఇప్పటి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఆర్-600ఏ గ్యాస్ ఉంటుంది. వంటగ్యాస్ జాతిదే, అంటుకుంటుంది. పైగా కాయిల్‌కు సూది మొనంత చిల్లు పడినా ఫ్రిజ్ పోయినట్టే.

ఇది నాకెట్లా తెలుసంటే... 2003 మే నెల గుర్తుందా? మన పాత 165 లీటర్ల సింగిల్ డోర్ ఉన్నట్టుండి చల్లబడడం మానేసింది. గ్యాస్ లీకని తేలితే నువ్వు కరెంటోళ్లను తిట్టి, ఓల్టేజీని తిట్టి, అంతకుముందు నెలలో బాగు చేసిన మెకానిక్‌ను నడి గల్లీలో నిలబెట్టి తిట్టావు. అసలు అది చెడిన రోజు మధ్యాహ్నం నిమ్మకాయ షర్బత్ కోసం ఐస్ ట్రే ఊడి రాకపోతే నీ పెద్ద స్క్రూడ్రైవర్ పెట్టి లేపాను. పుస్సుమంది. ట్రే మళ్లీ లోపల పెట్టి, స్క్రూడ్రైవర్ కడిగి నీ డబ్బాలో వేసి, బయట గోలీలాడుకోవడానికి పోయాను. ఆ మెకానిక్ ఇప్పుడు కనిపిస్తే నా తరఫున ఒక చాయ్ తాగించు.

ఆదివారం మీకు రాత్రి ఎనిమిదిన్నరకు, అంటే నాకు పొద్దున ఎనిమిదికి వీడియో కాల్ చేస్తా. ఫోన్‌ను ఫ్రీజర్ దగ్గర పెట్టి స్విచ్ నొక్కు, ఫ్యాన్ చప్పుడు నేనూ వింటా. ఎనుమాములకు కొత్త మిర్చి రావడం మొదలైందా? తేజ రకం ధర ఎట్లుందో అప్పుడు చెప్పు.

కాగితం ఫ్రిజ్ మీద పెట్టుకోమన్నా కదా. ఈ చివరి పేజీ మాత్రం నీ జేబులోనే ఉంచుకో. అమ్మ చదివితే ఆ ఫ్రిజ్ ఖర్చు ఇప్పుడు నా దగ్గర వసూలు చేస్తుంది.

నీ కొడుకు