హెచ్‌టీని అటక మీద పెట్టేశాను

మన షాపు ట్రయల్ బండి ఆర్డీ (రాజ్‌దూత్ 350 బైకు, ఎక్కువ పవరుండే హెచ్‌టీ, అంటే హై టార్క్, సిలిండర్లు వేసింది) గువ్వలచెరువు ఘాట్‌లో పట్టేసిందని, అంటే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోయిందని, కడప ఏడురోడ్ల దగ్గర టీ అంగళ్ళ దాకా తెలిసిపోయింది. "ఆయన కట్టిన ఇంజన్ కూడా పట్టేస్తుందా?" అని ఒకరిద్దరు నా ముందే నవ్వారు. వాళ్ళూ వీళ్ళూ చెప్పగా మీరు వినడం ఎందుకు, నేనే చెబుతాను.

పోయిన ఆదివారం పాత కస్టమర్ ఒకాయన, తన బండి పనికి ఇచ్చేముందు మన బండి తోలి చూస్తానని తీసుకెళ్ళాడు. రాయచోటి రోడ్డులో ఎక్కుడు, మూడో గేరు, ముందు లారీ. దాన్ని దాటబోతుంటే కుడి పిస్టన్ పట్టింది. వెనక టైరు కీచుమని ఈడ్చుకుపోయింది. టూ స్ట్రోక్ మీద పెరిగిన మనిషి కాబట్టి వేళ్ళు క్లచ్ మీదే ఉన్నాయి, వెంటనే నొక్కేశాడు, పడలేదు. టాటా ఏస్‌లో వేసి తెచ్చాం. "పోనీలే అన్నా, ఇంజనే కదా" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

విప్పి చూస్తే ఎడమ సిలిండర్ అద్దంలా ఉంది. కుడి పిస్టన్‌కు సైలెన్సర్ వైపు బూడిద రంగు చారలు, రింగు గాడిలోనే ఇరుక్కుపోయింది. ఆయిల్ పంపు చూశాను, జెట్లు చూశాను, క్రాంక్ సీళ్ళు చూశాను. ఏ తప్పూ లేదు. పట్టేసిన పిస్టన్‌ను కొలిస్తే లెక్క తేలదు కదా, అందుకని అదే పార్సెల్‌లో వచ్చిన ఇంకో పిస్టన్ల సెట్టు విప్పి మైక్రోమీటర్ పెట్టాను. ఒకటి 64.46 మిల్లీమీటర్లు, రెండోది 64.49. బోరేమో, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, రెండింటికీ 64.50. అంటే ఒక పిస్టన్‌కు నాలుగు పాయింట్ల సందు (పాయింటంటే మిల్లీమీటర్‌లో నూరో వంతు), ఇంకోదానికి ఒక్క పాయింటు. నాలుగు పాయింట్లంటేనే తల వెంట్రుక దూరదు. ఎండలో ఘాట్ ఎక్కుతూ వేడికి ఉబ్బిన పిస్టన్ ఆ ఒక్క పాయింటులో ఎలా తిరుగుతుంది?

డబ్బా మీద సీలు ఉంది, రెండింటి మీదా ఒకే సైజు గుర్తు ఉంది. పిస్టన్లు అమ్మే ఆయన దగ్గరే పదకొండేళ్ళుగా కొంటున్నాను, ఒక్కసారి కూడా బాకీ పెట్టలేదు. ఫోన్ చేస్తే మొదటి మాటే "మీ బోరింగ్‌లో తేడా వచ్చుంటుంది" అన్నాడు. కొలతల ఫొటోలు పంపాక సగం డబ్బు వెనక్కిస్తానన్నాడు. నాకు ఆ సగం వద్దు. పంపింది తప్పుడు సరుకని ఒప్పుకుంటే చాలన్నాను. ఇంతవరకూ మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. మా ఆవిడ మాత్రం డబ్బులు తీసుకోవాల్సింది అంటోంది.

నా తప్పూ ఉంది. సిలిండర్లు కోసే బోరింగ్ షాపు ఆయన, కొలత చూసి కోయడానికి రెండు పిస్టన్లూ తెమ్మన్నాడు. "సెట్టే కదా" అని ఒక్కటే ఇచ్చి పంపింది నేనే.

ఇప్పుడు అసలు సంగతి. మీలో చాలామంది ఎల్‌టీ (లో టార్క్, పవరు తక్కువ) బండి తెచ్చి, హెచ్‌టీ సిలిండర్లు వేసిమ్మని అడుగుతున్నారు. ఇకమీద ఆ పని చేయను. నాలుగు రోజులు దీని గురించే కొట్టుకున్నాను. 1983లో వచ్చిన హెచ్‌టీ 30.5 హార్స్‌పవర్, మైలేజీ కోసం తర్వాత తగ్గించిన ఎల్‌టీ 27. అదే 347 సీసీ, అవే ఆరు గేర్లు. ఆ మూడున్నర తేడా నాకు తెలియంది కాదు. హెచ్‌టీ అందుకున్నప్పుడు వచ్చే ఆ కూత వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది. కానీ నా దగ్గరకు వస్తున్న హెచ్‌టీ సిలిండర్లన్నీ చివరి సైజుదాకా కోసేసినవే. లోపల కొత్త గొట్టం, అదే స్లీవ్, వేయాలి, అదీ ఎవరు వేశారన్న దాని మీద ఆధారపడుతుంది. మీ బండితో వచ్చిన ఎల్‌టీ సిలిండర్లలో ఇంకా రెండు మూడు సార్లు బోర్ చేసేంత లోహం ఉంటుంది. పైగా ఆపడానికి రెండింటికీ ముందు అదే డ్రమ్ బ్రేకు. రోజూ రోడ్డు మీద తోలేవాళ్ళకు ఎల్‌టీనే చక్కగా కట్టిస్తాను. కాదు, హెచ్‌టీనే కావాలంటే వేరే షాపు చూసుకోండి, కోపం తెచ్చుకోను. కొంచెం తెచ్చుకుంటానేమో.

ఆ పార్సెల్ పిస్టన్లు ఇంకో రెండు బండ్లలో వేశాను. ఇద్దరికీ ఫోన్ చేసి, ఆ బండ్లు బయటికి తీయొద్దని చెప్పాను. రెండూ విప్పి, మళ్ళీ బోర్ చేసి, కొత్త పిస్టన్లు నా ఖర్చుతో వేస్తాను. ఇక నుంచి ప్రతి పిస్టన్‌నూ మీ ముందే కొలిచి, ఆ అంకె బిల్లు మీద రాసిస్తాను. పనికి ఇచ్చినవాళ్ళకు మూడు వారాలు ఆలస్యమవుతుంది. ఆగలేనివాళ్ళు అడ్వాన్స్ వెనక్కి తీసుకోవచ్చు.

ట్రయల్ బండి వచ్చే నెల ఎల్‌టీ సిలిండర్లతో బయటికొస్తుంది. మొదటి ఐదు వందల కిలోమీటర్లు నేనే తోలుతాను, గువ్వలచెరువు ఘాట్ కూడా ఎక్కిస్తాను. హెచ్‌టీ సిలిండర్లకు నూనె రాసి, గుడ్డ చుట్టి అటక మీద పెట్టాను. అమ్ముతావా అని ఇప్పటికే ముగ్గురు అడిగారు. అమ్మను.