బోన్సాయ్‌ను హాల్లో పెట్టమనకండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన గృహాలంకరణ వ్యాసంలో, సోఫా పక్క బల్ల మీదనో పుస్తకాల అరలోనో ఒక బోన్సాయ్ చెట్టు పెట్టుకుంటే హాలుకు నిండుదనం వస్తుందనీ, వారానికి రెండుసార్లు నీళ్లు చిలకరిస్తే సరిపోతుందనీ రాశారు. వేసిన బొమ్మలు ముచ్చటగానే ఉన్నాయి గానీ, ఆ సలహా నమ్మి ఈ ఎండాకాలంలో మొక్క కొన్నవారి ఇంట్లో అది వినాయక చవితి దాకా పచ్చగా ఉండటం కష్టం. చాలా ఏళ్లుగా మేడ మీద ఈ చెట్లు పెంచుతున్నదానిగా నాలుగు మాటలు రాయక తప్పడం లేదు.

బోన్సాయ్ అన్నది ప్రత్యేకమైన చెట్టు జాతి కాదు. చేలగట్టున పెరిగే చింతా, ఊరి చివరి మర్రీ, పెరటి దానిమ్మా, వీటిలో దేన్నయినా లోతు తక్కువ పళ్లెంలో నాటి, వేళ్లూ కొమ్మలూ వేళకు కత్తిరిస్తూ పెంచితే అదే బోన్సాయ్ అవుతుంది. పొట్టిగా ఉన్నంత మాత్రాన దానికి ఎండ అవసరం తగ్గదు. కిటికీకి రెండు మూడు గజాల దూరంలో మన కంటికి వెలుతురుగానే తోచవచ్చు గానీ, ఆకు ఆహారం తయారు చేసుకోవడానికి ఆ వెలుతురు చాలదు. కొమ్మలు సన్నగా సాగి, లోపలి ఆకులు రాలి, కొన్ని నెలలకు చెట్టు బోసిపోతుంది. అతిథులు వచ్చినప్పుడు ఒకటి రెండు రోజులు హాల్లో ఉంచి మళ్లీ బయట పెట్టడం వేరు, అక్కడే కాపురం పెట్టించడం వేరు.

నీటి విషయంలోనూ వారం లెక్క పనికిరాదు. పళ్లెంలో ఉండే మట్టి తక్కువ కాబట్టి, మే నెలలో ఉదయం పోసిన నీరు సాయంత్రానికి మిగలదు. అదే శ్రావణంలో ముసురు పట్టినప్పుడు రోజుల తరబడి చుక్క పోయనక్కరలేదు. వేలు గుచ్చి చూసి, పైమట్టి ఆరుతున్నట్లుంటే అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పోయాలి. చిలకరింపు ఆకులను తడుపుతుంది తప్ప వేళ్ల దాకా పోదు. బోరు నీళ్లు తప్ప గతిలేని పేటల్లో పళ్లెం అంచున తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. వానాకాలంలో చెట్లను బాగా తడవనిస్తే ఆ ఉప్పు చాలావరకు కొట్టుకుపోతుంది.

ఇక వాస్తు సంగతి. బోన్సాయ్ ఇంట్లో ఉంటే ఇంటివారి ఎదుగుదల ఆగిపోతుందని తరచు రాస్తుంటారు. ఎవరి నమ్మకం వారిది; కానీ దానికి కారణంగా చెప్పే మాట, అంటే ఇది తిండి పెట్టకుండా కుంగదీసిన చెట్టు అన్న మాట, నిజం కాదు. తిండి లేని చెట్టు పొట్టిగా ఉండదు, చస్తుంది. వాషింగ్టన్‌లోని అమెరికా జాతీయ వృక్షోద్యానంలో 1625 నుంచీ కుండీలోనే పెరుగుతున్న తెల్ల పైన్ చెట్టు ఒకటుంది. హిరోషిమాకు చెందిన మసారు యమాకి కుటుంబం దాన్ని తరతరాలుగా సాకింది. 1945లో అణుబాంబు పడినప్పుడు ఆ చెట్టు అక్కడికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో వారి నర్సరీలోనే ఉండి బతికి బయటపడింది. 1976లో ఆయన దాన్ని అమెరికాకు కానుకగా ఇచ్చినప్పుడు ఈ కథేమీ ప్రచారంలోకి రాలేదు. 2001లో మనవలు చూడటానికి వచ్చి చెప్పాక అక్కడివారికి తెలిసింది. నాలుగు వందల ఏళ్లు బతికిన చెట్టును ఎదుగుదల ఆగిన చెట్టు అనగలమా?

నా అసలు అభ్యంతరం మరొకటి. మన పత్రికల్లో బోన్సాయ్ గురించి వచ్చే సలహాలు చాలావరకు జపాన్, ఐరోపా పుస్తకాల నుంచి తెచ్చినవి. 1923 భూకంపం తర్వాత టోక్యో పెంపకందారులు కొందరు ఉత్తరాన ఉన్న ఒమియాకు తరలిపోయి 1925లో బోన్సాయ్ గ్రామాన్నే కట్టుకున్నారు. అక్కడి అనుభవానికి మనం చేతులు జోడించాల్సిందే. అయితే వారి చలికాలం మనకు లేదు. శీతకాలమంతా నిద్రపోయి వసంతంలో చిగురించే మేపుల్, తెల్ల పైన్ వంటివి ఆ చలి లేక కోస్తా ఉక్కలో ఏటికేడు నీరసిస్తాయి. "వసంతారంభంలో కుండీ మార్చండి" అన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించి, దాని ప్రకారం ఉగాది వెళ్లాక మర్రి వేళ్లు కత్తిరించినవారు, కొత్త వేళ్లు ఊనుకోకముందే చెట్టును నడివేసవికి అప్పగించినట్టే.

మనకు కార్తెల లెక్క ఉండనే ఉంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో ఎండలో ఉన్న పింగాణీ పళ్లెం ముట్టుకోలేనంతగా కాలుతుంది. ఆకుల కంటే ముందు వేళ్లు ఉడుకుతాయి. మధ్యాహ్నం పూట ఆకుపచ్చ నీడవల కింద ఉంచి, పళ్లెం చుట్టూ తడిపిన గోనెపట్టా కప్పాలి. కత్తెర అసలు ముట్టకూడదు. మృగశిర వచ్చి తొలకరి పడ్డాక మర్రి, రావి, జువ్వి వంటి పాలు కారే చెట్ల కుండీ మార్చవచ్చు: వేళ్లలో మూడో వంతుకు మించకుండా తీసి, ఎర్రమట్టి, ముతక ఇసుక, చిన్న ఇటుక ముక్కలు, బాగా చివికిన పశువుల ఎరువు కలిపిన మిశ్రమంలో నాటి, కొత్త చిగురు కనిపించేదాకా నీడన ఉంచాలి. నల్లరేగడి వాడకూడదు; తడిస్తే నీరు వదలదు, ఆరితే బీటలు వారి వేళ్లను తెంపుతుంది. కొమ్మలు వంచడానికి చుట్టిన అల్యూమినియం తీగను వానల్లో వారానికోసారైనా చూసుకోవాలి, ఎందుకంటే ఆ రోజుల్లో కొమ్మ ఇట్టే లావెక్కి తీగ బెరడులోకి దిగిపోతుంది, ఆ మచ్చ ఏళ్ల తరబడి పోదు. స్వాతి కార్తె ప్రాంతంలో కోస్తాకు వాయుగుండాలు వచ్చినప్పుడు పళ్లెం ఒక పక్కన ఇటుక ముక్క ఎత్తు పెడితే నీరు నిలవకుండా జారిపోతుంది. చలి ముదిరాక ఎరువు ఆపేయాలి.

చెట్టును ఎంచుకోవడంలోనూ దూరం పోనక్కరలేదు. కత్తిరింపులతో ఆకు కొంతవరకే చిన్నదవుతుంది కాబట్టి, సహజంగానే సన్నని ఆకులున్న చింత, సీమచింత వంటివి చూపుకు కుదురుగా ఉంటాయి. పిట్టలు వేసిన గింజల నుంచి పిట్టగోడల్లో, డాబాల పగుళ్లలో రావి మొక్కలు ఎలాగూ మొలుస్తాయి. నరకడానికి మనసొప్పని గృహస్థులకు వాటిని వేళ్లతో సహా తీసి కుండీలో పెట్టడం మంచి ఉపాయం. అడవి మొక్కల జోలికి మాత్రం పోకూడదు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా మొక్కను పెకలించడం నేరమన్నది అలా ఉంచితే, ముదురు చెట్టును ఆదరాబాదరాగా తవ్వి తెస్తే చాలాసార్లు అది దక్కదు కూడా.

కడియం నర్సరీల్లో అన్ని ధరల్లోనూ బోన్సాయ్‌లు దొరుకుతాయి. కొనేవారు కాండం లావు, వేళ్ల పట్టు, పళ్లెం అడుగున రంధ్రాలు చూసుకుంటే చాలు. మట్టి పైన గులకరాళ్లను జిగురుతో అతికించి అమ్మే మొక్కలు ఎక్కడ కనబడినా, ఆ పొరను ఊడదీశాకే నీళ్లు పోయాలి. ఆన్‌లైన్‌లో అమ్మే "బోన్సాయ్ విత్తనాలు" అనే సరుకు శుద్ధ మోసం. అలాంటి విత్తనం లోకంలో లేదు.

కాబట్టి నా విన్నపం ఒకటే. మీ అనుబంధంలో అలంకరణ పేజీ నుంచి ఈ చెట్లను తోటపని పేజీకి మార్చండి. అక్కడ కార్తెకొకసారి, మన జిల్లాల ఎండావానలను బట్టి ఏ చెట్టుకు ఏ పని చేయాలో, చిన్నదైనా ఒక శీర్షిక నడపండి. ఉద్యాన విశ్వవిద్యాలయాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, అక్కడి శాస్త్రవేత్తల చేత రాయించవచ్చు. మృగశిరకు ఇంకా వ్యవధి ఉంది కనుక, మొదటి భాగం కుండీ మార్పిడి మీదే వస్తే ఈ ఏడాది మొక్కలు కొన్నవారికి వెంటనే పనికొస్తుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విజయవాడ