పూలున్నాయి, ఆకు లేదు: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

సీతాకోకచిలుకల కోసం ప్రత్యేకంగా పార్కులు పెట్టడం మంచి పనే. నా ఫిర్యాదు కూడా ఆ పార్కుల గురించే. వానాకాలం చివర్లో అలాంటి ఒక పార్కుకి వెళ్లాను. ఏదో తనిఖీ ఉందట, కంచె వెంబడి కలుపంతా పీకి కుప్ప పోశారు. ఏ పార్కో చెప్పను, ఎందుకంటే తప్పు అక్కడి పనివాళ్లది కాదు. కలుపు పీకమన్నారు, పీకారు. ఆ కుప్పలో ఈశ్వరి తీగలు కనిపించాయి. ఒకటి ఎత్తి ఆకులు తిరగేస్తే గొంగళిపురుగులు. లెక్కపెడితే పదకొండు. మఖమల్ గుడ్డలాంటి నల్లటి ఒళ్లు, దాని నిండా ఎర్రటి మెత్తని కొమ్ములు. ఒకదాన్ని పుల్లతో కదిపితే తల వెనక నుంచి నారింజరంగు కొమ్ము ఒకటి రెండు పాయలుగా తన్నుకొచ్చింది. దాంతోపాటే ముక్కు చిట్లించే వాసన. పది అడుగుల అవతల ఇనుముతో చేసిన పెద్ద సీతాకోకచిలుక బొమ్మకి రంగులేస్తున్నారు.

ఆ పురుగులు క్రిమ్సన్ రోజ్ అనే సీతాకోకచిలుకవి. మీ శాఖవారికి తెలియని పేరేం కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులిని పెట్టిన మొదటి షెడ్యూలులోనే దీన్నీ చేర్చారు. భారతదేశం, శ్రీలంక దీని ఇల్లు. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి 9 నుంచి 11 సెంటీమీటర్లు. నల్లటి ముందు రెక్కల మీద తెల్లని పట్టీలు, వెనక రెక్కల మీద వరసగా కుంకుమబొట్ల లాంటి ఎర్రచుక్కలు, చివర చిన్న తోక. తలా పొట్టా కూడా ఎరుపే. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీని శాస్త్రీయ నామంలో గ్రీకు పురాణాల్లోని ట్రాయ్ నగర వీరుడు హెక్టర్ పేరు పెట్టాడు. ఎద మీద నెత్తుటి మరకల్లాంటి ఎరుపున్న వాటికి ట్రాయ్ వాళ్ల పేర్లు పెట్టడం ఆయన పద్ధతి. పెద్దాయన సరదా ఏమో గానీ, పేరు మాత్రం అతికినట్టు సరిపోయింది.

ఆ ఎరుపు అలంకారం కాదండీ, హెచ్చరిక. ఈశ్వరి జాతి మొక్కల్లో అరిస్టోలోకిక్ ఆమ్లాలనే విషం ఉంటుంది. పురుగు ఆ ఆకు తిని, విషాన్ని ఒంట్లో దాచుకుని, రెక్కలొచ్చాక కూడా వదలకుండా మోస్తుంది. ఒకసారి నోట పెట్టుకున్న పిట్ట మళ్లీ ఆ ఎరుపు జోలికి పోదు. అందుకే దీని ఎగురుడులో తొందర కనపడదు. సాయంత్రానికి ఎండు కొమ్మలు పట్టుకుని పక్కపక్కనే వేలాడుతూ గుంపుగా నిద్రపోతాయి. దాక్కోవాల్సిన అవసరమే లేదు మరి.

ఈ పరపతిని ఇంకొకటి వాడుకుంటుంది. కామన్ మార్మన్ అని, మన పెరట్లో నిమ్మచెట్టు మీదా కరివేపాకు మీదా పెరుగుతుంది. ఒంట్లో ఆ విషం చుక్క కూడా ఉండదు. కానీ దాని ఆడవాటిలో ఒక రకం అచ్చం క్రిమ్సన్ రోజ్ వేషం కడుతుంది. ఆ వేషాల మార్పు వెనక డబుల్‌సెక్స్ అనే ఒక్క జన్యువు ఉందని 2014లో తేలింది. రెక్కలు చూసి నేను చాలాసార్లు మోసపోయాను. ఒళ్లు చూడాలి: అసలుది ఎర్రగా, వేషగత్తెది నల్లగా ఉంటుంది. అసలుది కనుమరుగైతే ఆ వేషానికి భయపడే పిట్ట కూడా ఉండదు.

ఇక అసలు సంగతి. రెక్కలొచ్చిన సీతాకోకచిలుక లాంటానా మీదైనా, ఇంకే పూవు మీదైనా వాలి తేనె తాగుతుంది. పురుగు అలా కాదు. ఈశ్వరి, గాడిదగడప, ఆ కుటుంబంలోని తీగలు తప్ప ఇంకోటి ముట్టదు, ఆకలితో చస్తుంది. తల్లి ముందుకాళ్లతో ఆకుని తట్టి, రుచి తెలిశాకే గుడ్డు పెడుతుంది. మన పార్కుల్లో బంతి ఉంది, జీనియా ఉంది, ఫౌంటెన్ ఉంది. తట్టి చూడ్డానికి ఆ ఆకే లేదు. చట్టం రెక్కల్ని పట్టించుకుంది, తీగ పీకడం మాత్రం శుభ్రత పద్దులోకి పోతోంది.

విషపు మొక్కని జనం తిరిగే చోట ఎలా పెడతామని మీ అధికారులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఈ ఆమ్లాలు మనిషి మూత్రపిండాల్ని పాడుచేస్తాయి, క్యాన్సర్ కూడా తెస్తాయి. పాముకాటుకి మందని ఈశ్వరి వేరు తవ్వి వాడేవాళ్లకి ఈ మాట గట్టిగా చెప్పాల్సిందే. కానీ రోడ్ల మధ్య డివైడర్ల నిండా గన్నేరు నాటినప్పుడు ఎవరికీ ఈ అనుమానం రాలేదు! ‘తినరాదు’ అని ఒక బోర్డు పెడితే సరిపోతుంది.

ఇంకో జాగ్రత్త. నర్సరీల్లో ఇదే కుటుంబానికి చెందిన విదేశీ తీగలు దొరుకుతాయి, పూలు చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి. ఆస్ట్రేలియాలో అలాంటి ఒక అందాల తీగ మీద రిచ్‌మండ్ బర్డ్‌వింగ్ సీతాకోకచిలుకలు మోసపోయి గుడ్లు పెడుతుంటే, పుట్టిన పిల్లలు ఆ ఆకు తిని చచ్చిపోతున్నాయి. టెండరు పిలిచి ఈశ్వరి జాతికున్న శాస్త్రీయ నామంతో ‘అరిస్టోలోకియా, వంద మొక్కలు’ అని మాత్రమే రాస్తే మనకీ అదే గతి పట్టవచ్చు. మన నేలలో పుట్టినవే కావాలి.

కాబట్టి నా మనవి చిన్నదే. మీ శాఖ నర్సరీల్లో ఈశ్వరి, గాడిదగడప నారు పెంచించండి. పార్కుల్లో కలుపుమందు కొట్టడం మాన్పించండి. కలుపు తీసేవాళ్లకి ఈ రెండు మొక్కల్ని ఒక్కసారి చేత్తో పట్టించి చూపిస్తే చాలు, కాగితం మీది ఉత్తర్వుల కన్నా అది నయం.

ఆ కుప్పలోంచి తెచ్చిన తీగల్ని నీళ్ల సీసాలో పెట్టి పెంచాను. పదకొండులో తొమ్మిది ప్యూపాలయ్యాయి. నడుముకి సన్నటి పట్టుదారం కట్టుకుని, ముడుచుకుపోయిన ఎండుటాకుల్లా కొమ్మకి ఆనుకుని ఉండేవి. ఒకరోజు పొద్దున మొదటిది బయటికొచ్చింది. రెక్కలు పిండిన గుడ్డలా వేలాడుతున్నాయి, ఒళ్లు మాత్రం అప్పటికే ఎర్రగా ఉంది. కాసేపటికి రెక్కలు విచ్చుకుని ఆరాయి, వెళ్లిపోయింది.

కంచె అవతల పనివాళ్ల చేతికి అందని తీగ ఒకటి మిగిలింది. కాయలు ఎండి, తొడిమ వైపు నుంచి విచ్చుకుని, చిన్న చిన్న ఉట్లలా వేలాడుతున్నాయి. గాలికి గింజలు రాలిపోకముందే ఏరి కాగితం పొట్లాల్లో కట్టి పెట్టాను. మీ నర్సరీవాళ్లు ఎప్పుడొచ్చినా ఇస్తాను.

ఇట్లు,
సీతాకోకచిలుకల వెంట తిరిగే ఒక పౌరుడు