రాగి పూత వైరు: 41 వైరింగ్ సెట్లు వెనక్కి తీసుకుంటున్నాం

దసరా నుంచి సంక్రాంతి లోపు మా దగ్గర పాత బుల్లెట్‌కి 12 వోల్టుల వైరింగ్ సెట్టు తీసుకున్నవారందరికీ ఈ మాట. ఆ సెట్లలో ఉన్నది రాగి వైరు కాదు, పల్చగా రాగి పూత పూసిన అల్యూమినియం. మాకు రాగి అని అమ్మారు, మేం మీకు రాగి అని అమ్మాం. మొత్తం 41 సెట్లు వెళ్లాయి. నలభై ఒక్కటీ మార్చి ఇస్తున్నాం, మీరు పైసా ఇవ్వక్కర్లేదు. డిస్క్ బ్రేకు కిట్లు, ఇంజిను తిరిగితే కరెంటు పుట్టించే చార్జింగ్ ప్లేట్లు, ఆ వోల్టేజిని అదుపుచేసే రెగ్యులేటర్లు వేరే చోటి సరుకు, వాటికి ఢోకా లేదు. దసరాకి ముందు ఇచ్చిన సెట్లూ మంచివే. అప్పటి మిగులు ముక్కలు షెడ్డులో ఉంటే గీకి చూసుకున్నాం.

బండిని ఇంట్లోనే విప్పి ఇంట్లోనే కట్టుకునేవాళ్లు మీరు. ఏం చెడిందో, ఎందుకు చెడిందో పూర్తిగా తెలియాలి కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

పండగ వెళ్లాక ఫోన్లు మొదలయ్యాయి. హెడ్‌లైటు మొదట్లో పట్టపగల్లా ఉండేది, ఇప్పుడు లాంతరులా ఉందని ఒకరు. హారన్ కొడితే ఎల్‌ఈడీ కన్ను కొడుతోందని ఇంకొకరు. అందరూ రెగ్యులేటర్నే అనుమానించారు. మేమూ అదే అనుకుని ముగ్గురిచేత కొత్తది కొనిపించాం. ఆ ముగ్గురి పాత రెగ్యులేటర్లూ నిక్షేపంలా ఉన్నాయి. బిల్లు లేకపోయినా ఫర్వాలేదు, ఆ డబ్బు తిరిగి ఇచ్చేస్తాం.

అసలు దొంగ ఆంపియర్ మీటరు వెనకాల దొరికాడు. పాత బుల్లెట్‌లో బ్యాటరీ కరెంటు హెడ్‌లైటు గూడు, అదే డూమ్, దాకా పైకొచ్చి, ఆంపియర్ మీటరు రెండు నట్లు దాటాకే మిగతా చోట్లకి పంపకం అవుతుంది. అంటే బరువంతా ఆ రెండు నట్ల మీదే. నరసాపురం వైపు రొయ్యల చెరువు గట్టున నిలబడే బండి ఒకటి తెచ్చి డూమ్ విప్పాం. నట్టు కింద ఉంగరం టెర్మినలు మెడ దగ్గర ఎర్ర ఇన్సులేషన్ ఉబ్బి, గట్టిపడి, ముదురు గోధుమరంగుకి తిరిగి ఉంది. రెండు వేళ్లతో మెల్లిగా లాగితే వైరు ఊడి చేతికొచ్చింది, టెర్మినలు నట్టు కిందే ఉండిపోయింది. వైరు కొసన తెల్లటి పొడి, డబ్బాలో ఎండిపోయిన తాంబూలం సున్నంలా. రాగి చెడితే పచ్చగా చిలుం పడుతుంది గానీ తెల్లగా రాలదు. అక్కడే తేలిపోయింది.

అల్యూమినియానికి నిరోధం ఎక్కువ కాబట్టి వెలుగు తగ్గింది అనుకోవడం సులువు. లెక్క వేస్తే అంత తేడా రాదు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మీటరుకి 0.0115 ఓమ్. 60 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు తాగుతుంది. మీటరున్నర వైరులో పోయేది 0.09 వోల్టు. ఈ పూత వైరులో సుమారు 0.13. కంటికి తెలిసే తేడా కాదది. కొంప ముంచింది వైరు కొసలు.

అల్యూమినియం మెత్తన. క్రింపు, అంటే టెర్మినలు మెడని వైరు మీద నొక్కి బిగించిన చోటు, ఆ పట్టు కింద, వేడెక్కి చల్లారిన ప్రతిసారీ, పిసరంత జరుగుతుంది. పట్టు వదులవుతుంది. గాలి తగిలిన వెంటనే పైన ఒక పొర కడుతుంది, ఆ పొర కరెంటుని పోనివ్వదు. పైగా ఇత్తడి టెర్మినలు, రాగి పూత, లోపలి అల్యూమినియం ఉప్పు చెమ్మలో కలిసి తడిస్తే అదొక చిన్న బ్యాటరీయే, అందులో తినేయబడేది అల్యూమినియం. అలా చెడిన అతుకులో నిరోధం 0.2 ఓమ్‌కి చేరితే చాలు, 5 ఆంపియర్ల దగ్గర 1 వోల్టు అక్కడే ఖర్చు. శెనగగింజంత చోట 5 వాట్ల వేడి. ఆ వేడికి అతుకు ఇంకా చెడుతుంది. హాలోజెన్ బల్బుకి వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు మూడో వంతు పోతుంది, అందుకే మీకు లాంతరు గుర్తొచ్చింది. దీనికి తోడు బుల్లెట్ కుదుపు. 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకుతో ఒంటి పిస్టను. హ్యాండిలు తిప్పిన ప్రతిసారీ స్టీరింగు మెడ దగ్గర సెట్టు వంగుతుంది. రాగి పోగులు ఓర్చుకుంటాయి, ఇవి ఒక్కొక్కటే తెగుతాయి.

మెట్ట ఊళ్లలో అయితే ఇంకొన్నాళ్లు లాగేదేమో. అంతర్వేది వైపు ఉప్పుగాలికీ, చెరువుల మీద ఏరేటర్లు చిమ్మే తుంపరకీ మూడు నెలల్లోనే బయటపడింది. ఈ ఒక్క విషయంలో ఉప్పుకి దణ్ణం పెట్టాలి.

కొనేటప్పుడు చూసుకోలేదా అని అడుగుతారు. చూశాం. 1.5 వైరుకి 0.25 మిల్లీమీటరు పోగులు 30 ఉండాలి, లెక్కపెడితే 30 ఉన్నాయి. రంగు రాగిదే. చుట్ట మీద కాపర్ అని అచ్చు కూడా ఉంది. చూడనిది తూకం. 10 మీటర్లు ఒలిస్తే రాగి 134 గ్రాములు తూగాలి. ఇది 55 తూగింది. కొబ్బరికాయని చెవి దగ్గర ఊపిగానీ కొనని ఊళ్లో, కిలోకి ఎన్ని తూగుతాయో ఆ కౌంటు చూడందే రొయ్యకి ధర కట్టని ఊళ్లో, చుట్టని కాటా మీద పెట్టకుండా దించుకున్నాం. చుట్ట తేలిగ్గా ఉందండీ అని షెడ్డులో కుర్రాడు అన్నాడు కూడా. ఇన్సులేషన్ పల్చగా వస్తోందిలే అని వాడి నోరు మూయించింది నేనే.

సరుకు వేసినాయన కొత్తవారు కాదు, ఏళ్ల తరబడి వేస్తున్నారు. ఫోనులో మొదటి మాట, “అందరికీ అదే వేశామండి, మీ ఒక్కళ్లకే వచ్చిందా?” రెండో మాట, బిల్లు మీద ఆటో వైరు అనే ఉంది, రాగి అని ఎక్కడుంది అని. నిజమే, బిల్లులో లేదు. మిగిలిన చుట్టలు పంపేస్తే బదులు వేరే సరుకు ఇస్తానన్నారు. వద్దన్నాను. ఇంట్లోవాళ్లు తీసుకోమన్నారు, డబ్బు లెక్కన చూస్తే వాళ్లదే తెలివైన మాట. కానీ ఆ చుట్టలు వెనక్కి వెళ్తే ఇంకో కొట్టులో దిగుతాయి. జానెడు జానెడు ముక్కలుగా నరికి పాతసామాన్ల కొట్టుకి అల్యూమినియం రేటుకి వేసేశాను. ఆయనతో మాకు ఇక లావాదేవీ లేదు.

మీ సెట్టు ఈ బాపతేనా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఎక్కడైనా ఒక పోగు విడదీసి బ్లేడుతో గీకండి. ఎరుపు పోయి లోపల వెండిలా మెరిస్తే ఇదే. బయట వెండిలా ఉండి, గీకితే ఎరుపు తేలితే కంగారు పడకండి, అది తగరం పూసిన రాగి, మేలైన సరుకు. ఇంకా అనుమానముంటే పోగుని లైటరు మంటలో పెట్టండి. రాగి ఎర్రగా కాగి నిలబడుతుంది. ఇది ముడుచుకుని, ఉండకట్టి, తెగి రాలుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, రాగి కరగడానికి 1,085 కావాలి.

మల్టీమీటరు ఉన్నవారు ఇంకో పరీక్ష చెయ్యొచ్చు, మా సెట్టు కాకపోయినా పనికొస్తుంది. ఇంజిను ఆపి హెడ్‌లైటు వెయ్యండి. మన సెట్టులో హెడ్‌లైటు బ్యాటరీ మీదే వెలుగుతుంది. మీటరు డీసీ 2 వోల్టుల మీద పెట్టి, ఒక కొస బ్యాటరీ పాజిటివ్‌కి, రెండోది బల్బు హోల్డరు పాజిటివ్‌కి ఆనించండి. 0.3 లోపు చూపిస్తే బాగున్నట్టు. 0.5 దాటితే మధ్యలో ఏదో అతుకు తింటున్నట్టు. రెండో కొసని హోల్డరు నుంచి స్విచ్చికి, ఆంపియర్ మీటరుకి, ఫ్యూజుకి వెనక్కి జరుపుకుంటూ రండి. అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోతే రోగం అక్కడికీ, అంతకుముందు ఆనించిన చోటికీ మధ్యనున్న అతుకులో ఉంది. ఎర్త్ వైపు కూడా ఇలాగే చూడాలి, చాలామంది ఆ వైపు మర్చిపోతారు.

ఇక నన్ను వారం రోజులు తినేసిన సంగతి. డబ్బు వాపసు ఇచ్చి చేతులు దులుపుకోవచ్చు. అప్పుడు మీరు బజార్లో ఇంకో సెట్టు కొంటారు, అందులో ఇదే వైరు లేదని ఎవరు చెప్పొచ్చారు? షెడ్డులో అందరూ చెప్పిన దారి వేరు. బరువు మోసే మూడు లైన్లు, బ్యాటరీ నుంచి ఆంపియర్ మీటరు, అక్కణ్నుంచి స్విచ్చి, స్విచ్చి నుంచి హెడ్‌లైటు, ఈ మూడే మార్చేస్తే సరిపోతుందన్నారు. అయిదు మీటర్ల వైరు, గంట పని. ఎల్‌ఈడీ ఇండికేటర్లకీ బ్రేకు లైటుకీ ఒక ఆంపియరు కూడా పోదు కాబట్టి అక్కడ వేడి పుట్టదు. ఈ వాదనలో తప్పు లేదు. మూడు రోజులు నేనూ దాని మీదే నిలబడి, రెండు బళ్లకి అలా మార్చాను కూడా.

రెండో బండి కట్టి, తీసిన టెర్మినళ్లు పళ్లెంలో పోస్తే ఆరు ఉన్నాయి. సెట్టుకి మేం కొట్టే క్రింపులు 34. ఇరవై ఎనిమిది లోపలే ఉండిపోయాయి, అందులో ఇగ్నిషన్‌కి, అంటే ఇంజినులో నిప్పురవ్వ పుట్టించే భాగానికి, వెళ్లేవీ ఉన్నాయి. ఆ నిప్పుకి పాతరకం పాయింట్లున్న బండికి వోల్టేజి కాస్త తగ్గినా మూలుగుతూ నడుస్తుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మాడ్యూలు అలా సర్దుకోదు, ఒక మేర కంటే తగ్గితే నిప్పు మానేస్తుంది, ఇంజిను ఉన్నపళంగా ఆగుతుంది. ఒకపక్క కాలువ, ఒకపక్క చేను ఉన్న గట్టు రోడ్డు మీద చీకట్లో అలా ఆగితే? అందుకే మొత్తం సెట్టే మారుస్తున్నాం. అతుకుల బొంత ఇచ్చి దాని మీద మా కొట్టు చీటీ అంటించలేను. ఆ రెండు బళ్లవారికీ పూర్తి సెట్టు మళ్లీ ఇస్తాం.

వారానికి అయిదు సెట్ల కంటే కట్టలేం. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకున్నవారికి ముందు, చెరువుల మీద తిరిగే బళ్లకి తర్వాత, మిగతావారికి ఆపైన. వరస మార్చమని ఎవరూ అడగొద్దు, చుట్టాలైనా సరే. రాజోలు, సఖినేటిపల్లి వైపు వారికి అందరివీ కలిపి ఒకేసారి పంపుతాం. పాలకొల్లు, భీమవరం వారు షెడ్డుకి వస్తే మేమే ఎక్కిస్తాం. ఈలోగా ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్నవారు రాత్రిపూట బండి తియ్యకండి. తప్పదంటే బ్యాటరీ పాజిటివ్ నుంచి 10 ఆంపియర్ల ఫ్యూజు, ఒక చిన్న స్విచ్చి మీదుగా మాడ్యూలుకి వేరుగా ఒక రాగి వైరు లాగండి. మాడ్యూలుకి కరెంటు తెచ్చే పాత వైరు ఊడదీసి కొసకి టేపు చుట్టండి. బండి ఆపగానే ఆ స్విచ్చి కూడా ఆపాలి, మర్చిపోతే బ్యాటరీ దిగిపోతుంది.

ఇంట్లో ఎక్కించుకునేవారికి నాలుగు మాటలు. ట్యాంకు దించి, పాత సెట్టు కొసకి పురికొస కట్టి లాగితే దారి అలాగే ఉంటుంది. పౌడర్ కోటింగ్ చేయించిన ఫ్రేముకి ఎర్త్ కరెంటు ఎక్కదు, ఉంగరం కూర్చునే చోట ఇనుము మెరిసేదాకా గీకి, బిగించాక పైన వేజిలిన్ రాయండి. ఇంజిను నుంచి బ్యాటరీకి విడిగా ఎర్త్ వైరు ఇస్తున్నాం, అది వదిలేయొద్దు. హ్యాండిలు రెండు వైపులా పూర్తిగా తిప్పి చూసి, మెడ దగ్గర రెండంగుళాల వదులు ఉంచాకే క్లిప్పు బిగించండి. గట్టిగా ఉంటుందని క్రింపు మీద సోల్డరు పొయ్యకండి. సోల్డరు పోగుల్లోకి పాకి ఆగినచోట వైరు కర్రలా అవుతుంది, కుదుపుకి అక్కడే తెగుతుంది. మెయిన్ ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరం దాటకూడదు. ఫుల్ వేవ్ చార్జింగ్ (కాయిలు రెండు దిక్కులా పుట్టించే కరెంటంతా బ్యాటరీకి ఎక్కే పద్ధతి) చేసుకున్నవారు కాయిలు రెండు కొసల్లో ఏదీ బాడీకి కలవడం లేదని మీటరుతో ఇంకోసారి చూసుకోండి. ఒక కొస బాడీకి తగిలి ఉంటే రెగ్యులేటరు కాలిపోయి, ఆ పాపం మళ్లీ వైరు మీద పడుతుంది.

ఇకమీదట ప్రతి చుట్టా కాటా ఎక్కాకే లోపలికి వస్తుంది, బిల్లులో రాగి అని రాస్తేనే డబ్బు. కొత్తగా కొనేవారికి సెట్టు ధర 3,200 నుంచి 3,900 అవుతుంది. ఎక్కువే, తెలుసు. రాగి ధరకి అంతకంటే తగ్గించడం మావల్ల కాదు, తగ్గించి ఇచ్చేవాళ్ల దగ్గర కొంటే మాత్రం బ్లేడు జేబులో పెట్టుకుని వెళ్లండి.

పాత సెట్టు పారెయ్యకండి, టేపు విప్పక్కర్లేదు, చుట్టచుట్టి తెచ్చివ్వండి. నలభై ఒక్కటీ పోగయ్యాక ఒలిచి, కాటా వేయించి, ఆ చీటీ సరుకు వేసినాయనకి పోస్టులో పంపాలి.