అన్‌లిమిటెడ్ అంటే ఎంత?

సంపాదకులకు,

డెడికేటెడ్ సర్వర్ల (పూర్తిగా మనకొక్కరికే అద్దెకిచ్చే సర్వర్ల) ప్రకటనల్లో ‘1 జీబీపీఎస్, అన్‌లిమిటెడ్’ అని పెద్దక్షరాల్లో చూసి నేనూ ఒకసారి డబ్బు కట్టేశాను. జీబీపీఎస్ అంటే సెకనుకు ఒక గిగాబిట్; ఆ లైను నిండుగా నడిస్తే సెకనుకు 125 మెగాబైట్లు, 30 రోజులకు 324 టెరాబైట్లు పోవాలి. నాకు మాత్రం రాత్రయితే అందులో పదో వంతు కూడా దక్కలేదు, అడిగితే షరతుల్లో ఎక్కడో అడుగున ఉన్న ‘న్యాయమైన వాడకం’ అనే ముక్క చూపించారు. పోర్టు వేగం (లైను అందుకోగల గరిష్ఠ వేగం) వేరు, గ్యారంటీగా ఇచ్చే బ్యాండ్‌విడ్త్ (ఎప్పుడూ దక్కే వేగం) వేరు. ఇది కట్టకముందే రాతపూర్వకంగా అడగాలి.

ప్రాసెసర్ సంగతి ఇంకా తమాషా. ఊరికే ‘జియాన్’ (ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్ల పేరు) అంటారు. 2012లో వచ్చిన ఈ5-2620 కూడా జియానే కదా! దానికున్నవి 6 కోర్లు (అసలు పనిచేసే భాగాలు), 12 థ్రెడ్లు (ఒక్కో కోరు ఒకేసారి నడిపే రెండేసి పనులు). ప్రకటనలో అవే 12 కోర్లైపోతాయి. మోడల్ నంబరు చెప్పనివాళ్లతో నాకైతే బేరమే అక్కర్లేదు.

డిస్కు పాతదో కొత్తదో తెలియాలంటే సర్వర్ చేతికొచ్చిన రోజే స్మార్ట్ వివరాల్లో (డిస్కు తన పరిస్థితిని తానే నమోదు చేసుకునే లెక్కల్లో) ‘పవర్ ఆన్ అవర్స్’, అంటే అది నడిచిన గంటలు, చూడండి, నాదాంట్లో 41 వేల గంటలు కనిపించాయి, అంటే నాలుగున్నరేళ్లకు పైగా అరిగిన సరుకు. మార్చి ఇచ్చారు లెండి, మూడు మెయిళ్లు పెట్టాక.

మీ టెక్నాలజీ పేజీలో ఈ లెక్కలు ఒకసారి వివరంగా వేయరూ?

— ఒక పాఠకుడు