కాలనీ సంక్షేమ సంఘం, విజయనగరం: 2024-25 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు సంఘం చేసిన పనులను, చేయలేకపోయిన పనులను ఈ నివేదిక ద్వారా సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాం. కాలువల పూడికతీత, వేసవి చలివేంద్రం, వినాయక చవితి పందిరి, పార్కు మొక్కలకు కంచెలు ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చులు విడిగా ఇచ్చిన పట్టికలో ఉన్నందున ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈ ఏడాది కార్యవర్గం సమయంలోనూ సంఘం నిధిలోనూ సింహభాగం మన 16 సీసీ కెమెరాల వ్యవస్థకే పోయింది. అంత డబ్బు ఎందుకు ఖర్చయిందని గత రెండు నెలసరి సమావేశాల్లో పలువురు సభ్యులు నిలదీశారు. ఆ ప్రశ్న న్యాయమైనది కనుక ఈ నివేదికను దాదాపుగా ఆ విషయానికే కేటాయించాం.

ఏడాది మొత్తంలో మన పరిధిలోని పోలీసు స్టేషను నుంచి ఫుటేజీ కావాలని మూడుసార్లు కబురు వచ్చింది. మొదటిసారి మనం ఇచ్చింది ఎందుకూ పనికిరాలేదు, రెండోసారి ఇచ్చిన దానిపై వివరణ రాసి ఇవ్వవలసి వచ్చింది, మూడోసారి మాత్రమే అది దర్యాప్తుకు అక్కరకు వచ్చింది. ఈ మూడింటి నడుమ ఏం మారిందో చెబితే ఖర్చుల లెక్క దానంతటదే తెలుస్తుంది.

మొదటిది జూన్‌లో ఒక సభ్యుని ఇంటి ముందు నుంచి మోటారు సైకిల్ పోయిన సంగతి. వీధి మొగలో స్తంభానికి ఉన్న కెమెరాలో ఒక మనిషి బండిని నెట్టుకుంటూ పోవడం స్పష్టంగానే ఉంది, కానీ ఆ మనిషి ఎవరో, పక్కన నడిచిన రెండో బండి నంబరేమిటో ఎంత పెద్దది చేసి చూసినా తెలియలేదు. కెమెరా నాసిరకమని అప్పట్లో అందరం తిట్టుకున్నాం. తీరా విచారిస్తే తప్పు కెమెరాది కాదు, దాన్ని పెట్టిన తీరుది. మనవి 2 మెగాపిక్సెల్ కెమెరాలు, అంటే బొమ్మ అడ్డంగా 1920 చుక్కలు ఉంటుంది. ముక్కూమొహం తెలియని మనిషిని గుర్తుపట్టాలంటే ఆ మనిషి నిలబడిన చోట ఒక మీటరు వెడల్పుకు 250 చుక్కలు, ముందే ఎరిగిన మనిషిని పోల్చుకోవడానికి 125 చుక్కలు ఉండాలని, మనిషి ఉన్నాడని తెలియడానికి మాత్రం 25 చాలునని నిఘా కెమెరాల అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. ఆ లెక్కన మన కెమెరా 7 మీటర్లకు కాస్త పైబడిన వెడల్పు వరకే ముఖాన్ని పట్టివ్వగలదు. మనం మాత్రం ఒక్క కెమెరాతో వీధంతా కనిపించాలన్న ఆశతో 30 మీటర్ల వెడల్పును దాని కంటికి అప్పగించాం. వీధంతా కనిపించిన మాట నిజమే, మనుషులే కనిపించలేదు.

దీనికి కొత్త కెమెరాలు కొనలేదు. కాలనీలోకి వచ్చే రెండు దారుల వద్ద ఉన్న కెమెరాలకు చూపు వెడల్పును సరిచేసుకునే లెన్సులు వేయించి, గేటు వెడల్పు మేరకే కనిపించేలా బిగించి, తల ఎత్తు కన్నా కొంచెం పైకి దించాం. నంబరు ప్లేటు సంగతి వేరు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త వాహనాలకు తప్పనిసరైన హై సెక్యూరిటీ ప్లేట్లు కాంతిని వెనక్కి తిప్పికొట్టే రకం కావడంతో, రాత్రిపూట కెమెరా వేసే పరారుణ కాంతికి ప్లేటు తెల్లటి పలకలా వెలిగిపోయి అంకెలు మాయమవుతాయి. అందుకని ఒక దారి వద్ద ఒక కెమెరాను ప్లేట్ల కోసమే ప్రత్యేకించి, లోపలికి కాంతి తక్కువగా పడేలా దాని షట్టరు వేగాన్ని బాగా పెంచాం. ఆ కెమెరాలో రాత్రివేళ ప్లేటు తప్ప చుట్టూ అంతా చీకటిగా ఉంటుంది. అది చెడిపోయిందని దయచేసి ఫిర్యాదు చేయవద్దు.

అంతకుముందే మే నెలలో ఉరుములతో వచ్చిన గాలివానకు నాలుగు కెమెరాలు, వాటి తీగలను కలిపే ఒక నెట్‌వర్కు స్విచ్ కాలిపోయాయి. ఇటువంటి కెమెరాలకు కరెంటు, చిత్రం రెండూ ఒకే నెట్‌వర్కు తీగలో వెళ్తాయి, ఆ రాగి తీగ పొడవు 100 మీటర్లు దాటకూడదు. మనకు పని చేసిన కాంట్రాక్టరు దాన్ని స్తంభం నుంచి స్తంభానికి ఆరుబయటే లాగి, రెండుచోట్ల ఆ పొడవూ దాటించి, ఎక్కడా ఎర్తింగు ఇవ్వకుండా వెళ్లిపోయాడు. మన ప్రాంతంలో పిడుగుల బెడద ఎంతో సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. పిడుగు నేరుగా తాకనవసరం లేదు, దగ్గర్లో పడినా పొడవాటి రాగి తీగలోకి ఒక్కసారిగా వచ్చే విద్యుత్తు రెండు చివర్లనూ మాడ్చేస్తుంది. పొడవైన నాలుగు మార్గాల్లో రాగి తీగ తీసేసి విద్యుత్తును ప్రసరింపజేయని ఫైబరు వేయించాం, స్విచ్ పెట్టెలకు సర్జ్ రక్షణ పరికరాలు పెట్టించి ఎర్తింగు గుంతలు తవ్వించాం. పట్టికలో మీకు పెద్దదిగా కనిపించే అంకె ఇదే. మొదట్లోనే ఇలా చేసి ఉంటే సగం ఖర్చు తప్పేదన్నది కార్యవర్గం ఒప్పుకోవలసిన విషయం, ఒప్పుకుంటున్నాం.

రెండో సందర్భం సెప్టెంబరులో వచ్చింది. 1వ తేదీ తెల్లవారుజామున కళింగపట్నం దగ్గర తీరం దాటిన వాయుగుండం వానలకు కరెంటు పదేపదే పోయి వచ్చింది. ఇన్వర్టరు చేతులెత్తేసిన ప్రతిసారీ ఫుటేజీని దాచే రికార్డరు ఆగి మళ్లీ మొదలైంది. ఆ వారంలోనే ఒక వాహనం ప్రహరీగోడను గుద్ది వెళ్లిపోతే ఫుటేజీ తీసి ఇచ్చాం. మన చిత్రంలో పడిన సమయం, ఎదురింటి వారి సొంత కెమెరాలో పడిన సమయం 14 నిమిషాల తేడాతో ఉన్నాయి. రికార్డరు లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి గడియారం వెనకబడిందని తరువాత తెలిసింది. ఏది నిజమైన సమయమో రాసి ఇవ్వమని స్టేషనులో అడిగితే, కార్యదర్శిగా నేను మూడు పేజీల వివరణ రాసి ఇచ్చాను. ఇప్పుడు రికార్డరు రోజూ ఇంటర్‌నెట్ ద్వారా సమయం సరిచూసుకుంటోంది. అయినా ప్రతి సోమవారం వాచ్‌మన్ దాన్ని ఫోనులోని సమయంతో పోల్చి పుస్తకంలో రాసి సంతకం పెట్టాలన్న నియమం పెట్టాం. ఆ పుస్తకం కార్యాలయంలో ఎవరైనా చూడవచ్చు.

అదే వివరణ రాస్తున్నప్పుడు మరొక లోపం బయటపడింది. ఒకేసారి 100 మంది, అంతకు మించి గుమిగూడే అవకాశమున్న చోట్ల కెమెరాలు పెట్టి ఫుటేజీని 30 రోజులు భద్రపరచాలని 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రత చట్టం చెబుతోంది. పెళ్లిళ్లకు ఇచ్చే మన కమ్యూనిటీ హాలు దాని కిందికి వస్తుంది. మన హార్డ్‌డిస్క్ 8 టెరాబైట్లది. ఒక్కో కెమెరా సెకనుకు 4 మెగాబిట్లు పంపితే రోజుకు 43 గిగాబైట్లు, 16 కెమెరాలకు 690 గిగాబైట్ల పైమాట. అంటే 11 రోజులు దాటితే పాతదాని మీద కొత్తది ఎక్కిపోతోంది. నెల రోజులు ఉంటుందని మేమే అందరికీ చెప్పుకుంటూ వచ్చాం. చిత్రాన్ని మరింత కుదించే హెచ్.265 పద్ధతికి కెమెరాలను మార్చి రేటును 2 మెగాబిట్లకు తగ్గించి, మరో 8 టెరాబైట్ల డిస్క్ చేర్చాక ఇప్పుడు 45 రోజులు నిలుస్తోంది.

పాస్‌వర్డుల విషయం రాయడానికి కొంత సిగ్గుగానే ఉంది. అన్ని కెమెరాలకూ కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డే ఉంది, పైగా దాన్ని కాగితం మీద రాసి రికార్డరు పక్కన గోడకు అతికించారు. ఫోనులో చూసుకునే వీలు కోసం కాంట్రాక్టరు రూటరులో దారి తెరిచి ఉంచడంతో, ఆ పాస్‌వర్డు తెలిసిన వారెవరైనా ప్రపంచంలో ఎక్కడి నుంచైనా మన వీధులను చూడగల స్థితి. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము సరిగ్గా ఇటువంటి పాస్‌వర్డులున్న కెమెరాలను, రికార్డర్లను లక్షల్లో లోబరచుకుని, అక్టోబరు 21న వెబ్‌సైట్ల చిరునామాలు చూపే డైన్ అనే సంస్థపై వాటితో దాడి చేయించగా అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు గంటల తరబడి అందకుండా పోయాయి. దొంగలను పట్టడానికి పెట్టుకున్న కెమెరాయే దొంగ చేతి పనిముట్టు కావడం అంటే అదే. మన కాలనీలోని ఇంజనీరు సభ్యుడొకరు రెండు ఆదివారాలు కూర్చుని పాస్‌వర్డులన్నీ మార్చి, ఆ దారి మూసి, కెమెరాల నెట్‌వర్కును కార్యాలయం నెట్‌వర్కు నుంచి వేరు చేశారు. దానివల్ల సభ్యుల ఫోన్లలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. కొందరికి కోపం వచ్చింది, కానీ ఈ నిర్ణయాన్ని మార్చే ఉద్దేశం కార్యవర్గానికి లేదు.

అక్టోబరు 15న పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం జరిగింది. మూడు లాంతర్ల వద్ద గుడి నుంచి కోట వరకు సిరిమాను మూడుసార్లు తిరిగే ఆ సాయంత్రం ఊళ్లో ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు. ఉత్సవ మార్గం మన పరిధిలోకి రాకపోయినా, ముందురోజు జరిగే తొలేళ్ల ఉత్సవం నాటి నుంచే యాత్రికుల వాహనాలు మన వీధుల్లో బారులు తీరుతాయి. ఈసారి కాలనీ గేట్ల వద్ద ఇద్దరేసి సభ్యులు వంతులవారీగా కూర్చుని, కెమెరాలో దారి మూసుకుపోతున్నట్టు కనిపించగానే బండ్లను పక్కకు మళ్లించారు. అంబులెన్సు రావలసిన వీధిని ఆ రెండు రోజులూ ఖాళీగా ఉంచగలిగాం. తప్పిపోయిన ఒక పిల్లవాడు ఏ వైపు నడిచాడో తెరమీద చూసి పది నిమిషాల్లో తల్లికి అప్పగించాం. ఏడాదిలో కెమెరాలు చేసిన పనుల్లో నాకు వ్యక్తిగతంగా తృప్తినిచ్చింది ఇదే.

మూడో సందర్భం సంక్రాంతిది. సొంతూళ్లకు వెళ్లిన ఒక కుటుంబం ఇంటి తాళం పగలగొట్టే ప్రయత్నం భోగి ముందు రాత్రి జరిగింది. ముఖాలు, ఆటో నంబరు, సమయం మూడూ చక్కగా నమోదయ్యాయి. దర్యాప్తు సాగుతున్నందున అంతకు మించి రాయడం ఉచితం కాదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షను ప్రకారం, ఇటువంటి రికార్డును కోర్టు స్వీకరించాలంటే ధ్రువపత్రం జతచేయాలి. అందులో మొదటి భాగం పరికరం ఎవరి ఆధీనంలో ఉందో వారు, రెండో భాగం నిపుణుడు నింపాలి. ఫైలు మారలేదని చూపే హాష్ విలువ కూడా అందులో రాయాలి. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ విలువ పూర్తిగా మారిపోతుంది కాబట్టి, కాపీ తీసిన వెంటనే దాన్ని లెక్కించి పుస్తకంలో రాసుకున్నాం. ఇకమీదట వాట్సాప్‌లో ఫుటేజీ పంపడం ఉండదు, ఎందుకంటే వాట్సాప్ వీడియోను కుదించి వేరే ఫైలుగా మార్చేస్తుంది. ఊరెళ్లే సభ్యులు పోలీసు శాఖ వారి ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్ల నిఘా వ్యవస్థ) యాప్‌లో నమోదు చేసుకుంటే తాళం వేసిన ఇంట్లో వారే కెమెరా అమర్చి నిఘా ఉంచుతారు. మన వీధి కెమెరాలు ఇంటి లోపలిని చూడవు కనుక ఈ సౌకర్యాన్ని వాడుకోవాలని కోరుతున్నాం.

చూడకూడనిది చూసిన సందర్భమూ ఒకటుంది. పార్కు మూల కెమెరాలో తమ పెరడు, నూతిగట్టు కనిపిస్తున్నాయని ఒక సోదరి రాతపూర్వకంగా తెలిపారు. పరిశీలిస్తే అది నిజమే. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన సంగతి అందరికీ తెలిసిందే, అది తెలియకపోయినా ఒకరి పెరట్లోకి మరొకరు తొంగిచూడరాదన్నది మనకు పెద్దలు నేర్పిన మర్యాద. చిత్రంలో ఆ భాగాన్ని నల్లగా కప్పేశాం, ఆ కుటుంబానికి సంఘం తరఫున క్షమాపణ చెప్పాం. ఇక నుంచి ఫుటేజీ చూడాలంటే అధ్యక్షుడు, కార్యదర్శి ఇద్దరి సంతకాలతో, పుస్తకంలో కారణం రాసి మాత్రమే చూడాలి. పొరుగింటికి ఎవరు వచ్చి వెళ్తున్నారో చూపమని వచ్చిన రెండు విన్నపాలను ఈ నియమం కింద తిరస్కరించాం. మనపైనే నిఘానా, స్టేషన్లపై ఉండదా అని ఒక పెద్దాయన అడిగారు. పోలీసు స్టేషన్లలోనూ కెమెరాలు ఉండాలని, రికార్డును 18 నెలలు దాచాలని, ఆ సౌలభ్యం లేనిచోట కనీసం ఏడాదైనా ఉంచాలని 2020 డిసెంబరు 2న సుప్రీంకోర్టు ఆదేశించిన సంగతి వారికి తెలియజేశాం.

ఇక మిగిలినవి. పార్కు వెనుక రెండు కెమెరాలు ఫిబ్రవరి నుంచి పనిచేయడం లేదు, స్తంభం అనుమతి ఇంకా రాలేదు. రాత్రి కెమెరా వెలుగుకు పురుగులు, పురుగుల కోసం సాలీళ్లు చేరి గూళ్లు కట్టడంతో కొన్ని కెమెరాల్లో తెల్లటి దారాలు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఎంత ఖరీదైన పరికరానికైనా దీనికి మందు పదిహేను రోజులకోసారి నిచ్చెనెక్కి గుడ్డతో తుడవడమే, దానికి మనిషి దొరకడమే కష్టంగా ఉంది. కాలం చెల్లిన కెమెరాల స్థానంలో కొత్తవి కొనవలసి వస్తే, 2025 ఏప్రిల్ నుంచి కేంద్రం తప్పనిసరి చేసిన భద్రతా పరీక్షల ధ్రువీకరణ ఉన్నవాటినే కొనాలని, తక్కువ ధర చూసి పాత సరుకు తీసుకోరాదని కార్యవర్గం తీర్మానించింది.

సర్వసభ్య సమావేశం ఆమోదానికి రెండు ప్రతిపాదనలు ఉంచుతున్నాం. ఇన్వర్టరు బ్యాటరీలు, తుడిచే మనిషి జీతం, ఏడాది నిర్వహణ ఒప్పందం కోసం నెలసరి చందాలో కొంత భాగాన్ని విడి ఖాతాలో జమచేయాలన్నది మొదటిది. వచ్చే సంవత్సరం కొత్త కెమెరా ఒక్కటీ కొనకుండా ఉన్న 16ను సరిగా పనిచేయించాలన్నది రెండోది. తమ ఇంటివైపు ఏ కెమెరా ఎంతవరకు చూస్తుందో తెలుసుకోదలచిన సభ్యులు ఆదివారం ఉదయం 10 నుంచి 12 గంటల మధ్య కార్యాలయానికి రావచ్చు. తెరపై చూపించి, అభ్యంతరం ఉంటే అక్కడే రాసుకుంటాం.

ఇట్లు,
కార్యదర్శి, కార్యవర్గం తరఫున